పీఠమెక్కని అప్పాలు

రండి, దగ్గరికి రండి. వెనక నిలబడ్డవాళ్లు గోడకు కాపలా కాస్తున్నారా ఏమిటి, ముందుకు జరిగి కూర్చోండి. చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకోండి, పెద్దపిల్లల నోరు మూయించండి, పెద్దవాళ్ల నోరు ఎవరు మూయించాలో వాళ్లలో వాళ్లే చూసుకోండి. దగ్గులూ తుమ్ములూ ఇప్పుడే కానిచ్చేయండి. దర్జీ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. అక్కడ చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. మీరు గుసగుసలాడితే ఆ చీమకు కూడా కోపం వస్తుంది.

బల్ల మీద కూరగిన్నె ఉండాల్సిన చోట ఖాకీ చొక్కా ఉంది. ఒక చెయ్యి కుట్టారు, రెండో చెయ్యి కుట్టలేదు. కుట్టని భుజానికి సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది. గురువారం పొద్దున ఇంటి ముందుగదిలోని దుకాణంలో ఎవరిదో కోటు కింద దర్జీ దాచిన చొక్కాను అతని భార్య బయటికి లాగింది. ఒక్క మాటైనా అనకుండా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ఇవాళ శనివారం. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కంచాలు పెట్టుకుని తింటున్నారు. తీసే ధైర్యం దర్జీకి లేదు, తీసే ఉద్దేశం ఆవిడకు లేదు.

ఆవిణ్ణి గుడిజనమంతా పంతులమ్మ అంటారు. ఇరవై ఏళ్లుగా శనివారం సాయంత్రాలు పిల్లలకు సత్యోపదేశం చెబుతోంది. పరలోకజపంలో ఎవడైనా ఒక్క మాట మింగితే, గుడి అవతలి కొసన ఉన్నా పట్టేస్తుంది. అలాంటి మనిషి మూడు రోజులు నోరు మెదపకపోతే, ఇల్లు ఇల్లులా ఉండదు, గుడిగంట కూడా మోగని శుభశుక్రవారంలా ఉంటుంది.

మొగుడూ పెళ్లాల మధ్య మాటలన్నీ నాయనమ్మ మీదుగా పోతున్నాయి. నాయనమ్మంటే దర్జీని కన్నతల్లి. మొదటిరోజు ఉన్నవి ఉన్నట్టే చేరవేసింది. రెండో రోజుకు విసుగొచ్చి దిద్దడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పమ్మా అని కొడుకంటే, కోడలి వైపు తిరిగి, కూర అమృతంలా ఉందంటున్నాడే అంది. అమృతమైతే ఆ మూడో ముద్ద ఎందుకు మింగలేకపోతున్నారో కనుక్కోండత్తయ్యా అని కోడలంటే, కొడుకు వైపు తిరిగి, నీ ఆరోగ్యం గురించి బెంగ పెట్టుకుందిరా పాపం అంది.

ఈ గొడవకు మూలం పక్కనే కూర్చుని కంచం అంచుకు తాడు చుడుతోంది. వీళ్ల పదకొండేళ్ల పిల్ల, పిచ్చుక అంటారు. స్కౌటు దళం వాళ్లు బడి మైదానంలో ఆడుతుంటే చూడ్డానికి వెళ్లి, నాలుగు వారాల్లో ఆరు ముడులు నేర్చుకుని వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో కట్టడానికి వీలైన ప్రతిదాన్నీ కట్టేసింది. తలుపు గొళ్లెం, నాయనమ్మ చేతికర్ర, కుట్టుమిషను పెడలు, ఏదీ విప్పకుండా పనికి రావడం లేదు. నిన్న పొద్దున నాయనమ్మ లేవబోతే ఆవిడతోపాటు కుర్చీ కూడా లేచింది.

వచ్చే వారం మూడు రోజుల క్యాంపు. అక్కడే కొత్తపిల్లలు ఖాకీ చొక్కా వేసుకుని ప్రమాణం చేస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా చేరాలి. ఆ కాగితం చొక్కా జేబులోనే ఉంది, తెల్లగా చెవులు బయటపెట్టుకుని.

*

రెండు గంటలకు ఆ దళం నాయకురాలే స్వయంగా వచ్చింది. వారమంతా పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, సాయంత్రాలు మైదానంలో ఈల ఊదే మనిషి. అందరూ పోస్టాఫీసు మేడం అంటారు. గుమ్మంలో నిలబడి, పిచ్చుక కనపడగానే స్కౌటు పద్ధతిలో కుడిచేతి మూడు వేళ్లు నిటారుగా ఎత్తింది.

గుమ్మం పక్కన కూర్చున్న నాయనమ్మకు ఆ చెయ్యీ ఆ మూడు వేళ్లే కనపడ్డాయి. ఎనభై ఏళ్లుగా చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించేది ఫాదరొక్కడే. ఆవిడ తల వంచి, నుదుటినుంచి సిలువగుర్తు వేసుకుని, ఆమెన్ అంది. మేడానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోలేదు, ఉంచుకోనూ లేదు. మెల్లగా చెయ్యి దించి, పలకరింపుగా ఎడమచెయ్యి చాపింది.

దీవెన కుడిచేత్తో ఇచ్చి పలకరింపు ఎడమచేత్తోనా అని నాయనమ్మ ముఖం ముడుచుకుంది. స్కౌట్లు ఎడమచెయ్యే కలుపుతారమ్మా, అది గుండెకు దగ్గరని అర్థం, అని దర్జీ దుకాణంలోంచి అరిచి చెప్పాడు. గుండె సంగతి డాక్టరు చూసుకుంటాడు, నువ్వు కుడిచెయ్యి ఇవ్వమ్మా అంది నాయనమ్మ.

పంతులమ్మ వచ్చినావిడకు మర్యాదగా కుర్చీ వేసింది. వేసి, చొక్కా జేబులోంచి కాగితం తీసి ముందు పరిచింది. అందులో రెండు గళ్లున్నాయి. ఒకదాని పక్కన, దేవుని పట్ల నా ధర్మం నెరవేరుస్తాను అని ఉంది. రెండోదాని పక్కన, నేను నమ్మిన విలువల పట్ల నా ధర్మం నెరవేరుస్తాను అని ఉంది. పిల్ల ఏ ప్రమాణం చేస్తుందో ఆ గడిలో గుర్తు పెట్టాలి.

అన్ని రకాల ఇళ్ల పిల్లలూ వస్తారని, దేవుడు లేడనే ఇంటి పిల్లకైనా తాడుముడి వెయ్యడం రావాలి కదా అని మేడం నెమ్మదిగా చెప్పింది.

"ముడి వద్దని నేననలేదు," అంది పంతులమ్మ. "పదకొండేళ్ల పిల్ల ముందు రెండు గళ్లు పెట్టి, దేవుడు కావాలా ఇంకోటి కావాలా చూసుకో అంటున్నారు. దేవుడు నలుగురిలో ఒకడు కాడమ్మా అని ఆరేళ్లనుంచి దానికి చెబుతున్నాను."

"నేను మొదటి గడే పెడతానమ్మా," అంది పిచ్చుక.

"మిగతావాళ్లందరూ రెండోది చెబితే?"

పిచ్చుక తాడుముడి బిగించింది. "నేను గట్టిగా చెబుతాను."

మేడం నవ్వు ఆపుకుంది, పంతులమ్మ ఆపుకోనక్కర్లేకపోయింది, ఆవిడకు నవ్వు రాలేదు. ఆదివారం పూజ సంగతి అడిగింది. క్యాంపుకు ఎనిమిది మైళ్లలో చిన్న గుడి ఉందని, ఎవరైనా వచ్చి పిల్లను తీసుకెళ్లి మళ్లీ దింపితే తనకు అభ్యంతరం లేదని మేడం అంది. నేను సైకిలు మీద తీసుకెళ్తాను అని దర్జీ మాట పూర్తికాకముందే అందుకున్నాడు. పద్నాలుగేళ్లుగా సైకిలెక్కని మనిషి అలా అనేసరికి, నాయనమ్మ మళ్లీ ఒకసారి సిలువగుర్తు వేసుకుంది.

ఒక్క చోటే మిగిలిందని, ఆరు దాటితే వేరే పిల్లకిచ్చేస్తానని చెప్పి మేడం వెళ్లిపోయింది. వెళ్లేముందు నాయనమ్మకు కుడిచెయ్యే ఇచ్చింది.

*

పిచ్చుకను, నాయనమ్మను పెరట్లోకి పంపి పంతులమ్మ దుకాణంలోకి వచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి మొగుడితో నేరుగా మాట్లాడబోతోంది. దర్జీ మిషను ఆపి, రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకుని, చేసిన పాపాలు ఫాదరుకు చెప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించినవాడిలా కూర్చున్నాడు.

చెప్పాలనుకున్నదంతా అతని గొంతులో వరస కట్టి ఉంది. తనూ స్కౌటే. అప్పట్లో దళమంటే గుడిదే. గడ్డం ఫాదరు నడిపేవాడు. ఆ గడ్డం అంతా ఇంతా కాదు. అందులో ఈల దాచుకునేవాడు, పెన్సిలు దాచుకునేవాడు. ఒక తేనెటీగ శుక్రవారం అందులో దూరి, ఆదివారం పూజ విన్నాకే బయటపడిందని పిల్లలు చెప్పుకునేవాళ్లు. అంగీ నడుముకు దోపుకుని, నలభైమంది పిల్లల్ని వెంటేసుకుని కొండెక్కేవాడు. తడిసిన గుడారాల వాసన, పొగవాసన, తాళ్లకు రాసే మైనం వాసన. ఇప్పటికీ వానకు తడిసిన గుడ్డ ఇస్త్రీ చేస్తే దర్జీ పన్నెండేళ్లవాడైపోతాడు. పొద్దున్నే బండరాయి మీద తెల్లగుడ్డ పరిచి ఫాదరు పూజ మొదలుపెడితే, కింద లోయలో మంచు మోకాళ్ల మీద కూర్చున్నట్టుండేది. అంత బాగా దేవుడు మళ్లీ ఏ గుళ్లోనూ కనపడలేదు.

ఈ కథలన్నీ పిచ్చుకకు పాలతోపాటు పట్టాడు. కొండచిలువను తాడనుకుని ముడేసిన కథలో కొండచిలువ ఏడాదికో గజం పెరుగుతూ వచ్చింది.

"నాకు విశ్వాసం ఎక్కడైనా తగ్గిందా?" అన్నాడు. "అక్కడే కదా నేర్చుకున్నాను."

"అప్పుడు దళం గుడి గోడ లోపల ఉండేది. ఇప్పుడు బయట ఉంది."

"గోడ లోపలున్నదే గొప్పా? గోడ బయట దేవుడు ఉండడా?"

"ఉంటాడు. నేను అడుగుతున్నది దేవుడి సంగతి కాదు, మనుషుల సంగతి." పంతులమ్మ కత్తెర తీసి పక్కన పెట్టి బల్ల అంచున కూర్చుంది. "ఇప్పుడున్న చిన్న ఫాదరును అడిగాను. తల్లిదండ్రులే మొదటి గురువులు, మీరే తేల్చుకోండన్నాడు. బరువు మన నెత్తిన పెట్టి ఆయన తేలిగ్గా వెళ్లిపోయాడు. మూడు రోజులు తేల్చుకున్నాను. ఆదివారం పూజకు మీరు తీసుకెళ్తారు, సరే. మొదటి గడే పెడుతుంది, అదీ సరే. ఇంకొకటుంది. అది మీకు తెలుసు."

దర్జీకి తెలుసు. తెలిసే మూడు రోజులుగా ఉప్పు గురించి మాట్లాడుతున్నాడు.

"మా అన్నయ్య," అంది పంతులమ్మ.

ఆ సంగతి ఆ వీధిలో ఎవరికీ కొత్త కాదు. ముప్పై ఏళ్ల కిందట, గడ్డం ఫాదరు నడిపిన క్యాంపులో, ఆదివారం పూజకోసం తెచ్చిన అప్పాల డబ్బా ఖాళీ అయిపోయింది. పూజలో దివ్యసత్ప్రసాదంగా పిల్లలకు పంచాల్సిన తెల్లని పల్చటి అప్పాలు, ఇంకా పీఠమెక్కి దీవెన పొందనివి. శనివారం సాయంత్రం ఎవరో కూర్చుని మొత్తం తినేశారు. ఖాళీడబ్బా పంతులమ్మ అన్న సంచిలో దొరికింది. ఫాదరు చేతిలో మిగిలింది ఆయన కోసం విడిగా పెట్టుకున్న పెద్ద అప్పం ఒక్కటే. దాన్నే నలభై ముక్కలు చేశాడు. ఒక్కొక్కరికి చీమతలకాయంత వచ్చింది. ఆ రోజే అన్నను ఇంటికి పంపేశారు.

"నాకు ఏడేళ్లు," అంది పంతులమ్మ. "గుమ్మంలో డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. మెడలో స్కార్ఫు లేదు. అమ్మ అడిగితే, నేను కాదు అని ఒక్కసారన్నాడు. ఆ తర్వాత ఈ రోజువరకూ ఆ మాటెత్తలేదు. గుడి లోపలికీ రాలేదు. అమ్మను గేటు దాకా తెచ్చి, బయట స్కూటరు మీద కూర్చుంటాడు. వాన వచ్చినా అక్కడే."

దర్జీ బొటనవేలిలో సూది దిగింది. దిగినట్టు కూడా తెలియలేదు.

"మీరు అక్కడున్నారు. ఒకే గుడారం. ముప్పై ఏళ్లలో నేను అడగలేదు, మీరు చెప్పలేదు. ఇవాళ అడుగుతున్నాను. మా అన్నయ్య తీశాడా?"

దర్జీ నోరు తెరిచాడు.

"ఆగండి. ముందు నా మాట వినండి. తీశాడంటే, వాడి తప్పు వాడిది, దళానిది కాదు. నేను సంతకం పెడతాను. తీయలేదంటే, తీయని పిల్లాణ్ణి దొంగను చేసి ఇంటికి పంపిన చోటికి నా పిల్లను పంపను. గళ్లు, గోడలు అన్నీ నేను పైకి చెప్పుకుంటున్నవి. నా భయం ఇదొక్కటే. మీ కొండచిలువ పొడుగు ఎప్పుడూ ఒకలా ఉండదని నాకు తెలుసు. పెద్ద విషయంలో మాత్రం మీరు నాతో అబద్ధమాడలేదు."

దర్జీ లేచి మిషను మీద గుడ్డ కప్పాడు. గుడికెళ్లాలి, శనివారం కదా, ఐదింటికి ఫాదరు పాపసంకీర్తనానికి కూర్చుంటాడు అన్నాడు. ఏడాదికొకసారి, అదీ ఉత్థానపండుగ ముందు, అదీ భార్య తోస్తే వెళ్లే మనిషి.

"వెళ్లండి," అంది పంతులమ్మ. "నాకూ క్లాసుంది. కాగితం అక్కడికే తెస్తాను."

*

ఆ అప్పాలు తిన్నది దర్జీయే.

ఆ సాయంత్రం మిగతావాళ్లంతా కట్టెలకు వెళ్లారు. కడుపులో ఎలుకలు కాదు, పందికొక్కులు పరిగెడుతున్నాయి. ఒకటి తిన్నాడు. నాలుక మీద పెట్టగానే మంచులా కరిగిపోయింది, అసలు తిన్నట్టే అనిపించలేదు. తిన్నట్టనిపించేదాకా తిన్నాడు. డబ్బా అడుగు కనపడేసరికి ఈల వినపడింది. గాభరాగా డబ్బాను తన సంచిలో కుక్కాడు. కుక్కాననుకున్నాడు. ఆ నలభై సంచులూ కుట్టింది దర్జీ తండ్రే. ఒకే గుడ్డ, ఒకే కొలత, ఒకే కుట్టు, కవలపిల్లల్లాంటి సంచులు. గుడారం చీకట్లో చెయ్యి పెట్టింది పక్క సంచిలో.

తెల్లారి ఫాదరు అందరినీ వరసలో నిలబెట్టి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ దర్జీ నోరు విప్పలేదు. మూడోసారి పక్క పొలంలో కోడి కూసింది, బైబిల్లో గురువును మూడుసార్లు ఎరగనన్న శిష్యుడికి కూసినట్టే. ఎన్ని కథలకు తోకలు తగిలించినా, ఈ కోడిని మాత్రం అతను కల్పించలేదు. నిజంగానే కూసింది. ఆ పూటే చీమతలకాయంత దివ్యసత్ప్రసాదం నాలుక మీద పెట్టుకుని, మూడు వేళ్లెత్తి, నా మాట నమ్మదగినది అని ప్రమాణం చేశాడు.

*

గుడి గేటు బయట బావ, అదే పంతులమ్మ అన్న, ఎప్పటిలాగే స్కూటరు మీద కూర్చున్నాడు. వాచీలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని, సీటు మీద రుమాలు పరిచి, ఎవరిదో చేతిగడియారం విప్పుతున్నాడు. తల్లి లోపల జపమాల చెబుతోంది. అది ముగిసేవరకూ అతనికిదే దుకాణం.

దర్జీ పక్కన నిలబడ్డాడు.

"బావా. మీ చెల్లెలు డబ్బా సంగతి అడిగింది."

బావ భూతద్దంలోంచి కన్ను తీయలేదు. చిన్న పళ్లచక్రాన్ని చిమటాతో ఎత్తి రుమాలు మీద పెట్టాడు. "ఎన్ని తిన్నావురా?"

దర్జీ స్కూటరు హ్యాండిలు పట్టుకున్నాడు. "నలభై," అన్నాడు.

"నలభై ఒకటి. లెక్కపెట్టి ఫాదరు నాకే అప్పజెప్పాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు నువ్వు."

"నీకు తెలుసా?"

"వరసలో నా పక్కనే నిలబడ్డావు. నీ స్కార్ఫు మీద గోరంత అప్పం ముక్క. ఆ రోజంతా దులుపుకోలేదు."

ఎందుకు చెప్పలేదని దర్జీ అడిగాడు. అడిగినట్టే లేదు, గాలి బయటికొచ్చినట్టుంది. నువ్వే చెబుతావని చూశాను అన్నాడు బావ. వారం చూశాను, నెల చూశాను, ఏళ్లు చూశాను, తర్వాత మా చెల్లికి నీ సంబంధం కుదిరింది, అప్పాల కోసం అల్లుణ్ణి వదులుకుంటారా ఎవరైనా అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వులో గుడారంలో పడుకుని గుసగుసలాడుకున్న పిల్లాడు ఒక్క క్షణం కనపడ్డాడు.

"మరి లోపలికి ఎందుకు రావు?"

"నీ మీద కోపంతో కాదురా. ఫాదరు నన్ను కూడా మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కాదన్నాను. నన్ను పుట్టినప్పట్నుంచి ఎరిగిన మనిషి. నాకంటే డబ్బాను నమ్మాడు. లోపలికెళితే అప్పట్లో ఆయన కూర్చున్న కుర్చీ కనపడుతుంది. అంతే."

లోపలినుంచి పంతులమ్మ క్లాసు పిల్లలు వరసగా ఏదో వల్లెవేస్తున్నారు. బావ చిమటా కింద పెట్టాడు. తర్వాత భూతద్దం తీసి జేబులో పెట్టుకుని, మొదటిసారి దర్జీ ముఖంలోకి చూశాడు.

చెల్లి పెట్టిన షరతు ఏమిటో అడిగాడు. దర్జీ చెప్పాడు. తీశాడంటే పిల్ల వెళుతుంది, తీయలేదంటే వెళ్లదు.

"ఐతే నేనే తీశానని చెప్పెయ్."

"బావా."

"ముప్పై ఏళ్లు మోశాను. బరువు అలవాటైపోయింది. పిచ్చుక నిన్న నా దుకాణానికొచ్చి షట్టరుకు ముడేసింది, తెలుసా? గంటన్నర విప్పాను. మనం నేర్చుకున్నదే, గడ్డం ఫాదరు ముడి. దాన్ని వెళ్లనివ్వు. నువ్వొక్క మాటంటే చాలు."

బావ మళ్లీ వాచీ మీదికి వంగాడు.

*

గుళ్లో పాపసంకీర్తనానికి పదకొండుమంది నిలబడ్డారు. దర్జీ తొమ్మిదోవాడు. అతని వెనక గుడి బ్యాండులో బాకా ఊదే ముసలాయన, చేతిలో బాకాతోనే వచ్చాడు. చెక్కతలుపు వెనకనుంచి చిన్న ఫాదరు గొంతు సన్నగా వినపడుతోంది. ఒక్కొక్కరూ వెళుతున్నారు, తేలికపడి వస్తున్నారు, వరస జరుగుతోంది. దర్జీ జరగడం లేదు. వెనకాయన బాకాతో వీపు మీద తట్టినప్పుడల్లా అడుగు వేస్తున్నాడు.

తీశాడు. మూడక్షరాలు. ఆ మాట అంటే అందరికీ సంతోషమే. పిల్ల వెళుతుంది, దళం మంచిదవుతుంది, ఆ కొండ, ఆ బండరాయి, ఆ మంచు, అన్నీ ఎప్పటిలా తెల్లగా ఉంటాయి. మోసేవాడు మోస్తానంటున్నాడు. ఇప్పుడంటే మాత్రం, అనేది పన్నెండేళ్లవాడు కాదు, నలభైరెండేళ్లవాడు. నోరు మూసుకోవడం కాదు, నోరు తెరిచి అనడం.

ఆరుకు పదిహేను నిమిషాలుండగా పక్కగది తలుపు తెరుచుకుంది. పిల్లలు బిలబిలమంటూ బయటపడ్డారు. పంతులమ్మ వచ్చింది. చేతులకు సుద్దపొడి, ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో పెన్ను. పెన్ను మూత తీసే ఉంది. ఆవిడ వెనక పిచ్చుక, ఇటో అటో ఎగరడానికి సిద్ధంగా.

పంతులమ్మ వరస పక్కన నిలబడి గొంతు తగ్గించింది. "చెప్పండి. మేడం మైదానంలో ఎదురుచూస్తోంది."

దర్జీ కూతుర్ని చూశాడు. తలుపులోంచి గేటు బయట వంగి ఉన్న బావ వీపును చూశాడు. లోపల తను చెప్పుకోబోయేది ఫాదరు వింటాడు, క్షమిస్తాడు, ఎవరికీ చెప్పడు. అంత సుఖం తనకు తగదనిపించింది.

"మీ అన్నయ్య తీయలేదు," అన్నాడు.

పంతులమ్మ కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లుగా వినాలనుకున్న మాట విన్నట్టు ఆవిడ ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైంది. కళ్లు తెరిచేసరికి చేతిలో కాగితం కనపడింది. పిచ్చుక వైపు తిరగబోయింది, పంపనని చెప్పడానికి.

"తిన్నది నేను," అన్నాడు దర్జీ. గొంతు తగ్గించడం మర్చిపోయాడు. "నలభై ఒకటీ నేనే. ముప్పై ఏళ్లనుంచి నాతోనే ఉంది ఈ పాపం."

వరసంతా వెనక్కి తిరిగింది. చెక్కతలుపు వెనక చిన్న ఫాదరు గొంతు కూడా ఆగింది. పిచ్చుక చేతిలోని తాడు కిందికి జారింది.

పంతులమ్మ పెన్నుకు మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, తీసి మళ్లీ పెట్టింది. మొగుణ్ణి చూడలేదు, కాగితాన్ని చూడలేదు. గేటు వైపు చూస్తూ నిలబడింది. వెళుతుందో, ఉంటుందో, సంతకం పెడుతుందో, చింపుతుందో, తొమ్మిదోవాడికీ తెలియలేదు, పదకొండోవాడికీ తెలియలేదు.

అప్పుడు బాకా ముసలాయన దర్జీని భుజంతో పక్కకు జరిపి, పంతులమ్మకు వినయంగా తల వంచి అన్నాడు:

"ముప్పై ఏళ్లు నిలవున్న పాపం ఇంకో పావుగంటకు పాడైపోదులేమ్మా, మీరు నింపాదిగా మాట్లాడుకోండి. నాది నిన్నటిదే, వేడిమీద చెప్పకపోతే మర్చిపోతాను."